స్కాండినేవియా బెల్టు కత్తితో పని చేయడం ఎలా?

స్వీడన్‌లో ఇళ్ళు కట్టే వడ్రంగుల పని ప్యాంటును గమనిస్తే, జేబు పక్కన ఒంటరిగా ఒక బొత్తం కనిపిస్తుంది. అది కత్తి కోసం. కత్తి ఒరకు పైన ఒక కాజా ఉంటుంది. దాన్ని ఈ బొత్తానికి తగిలించుకుని పనిలోకి దిగుతారు. కాసేపు ఆ మనిషినే చూస్తూ ఉండండి. బస్తా మూతి కోస్తాడు, ఇన్సులేషన్ పలకను కొలతకు తెగ్గోస్తాడు, మొద్దుబారిన పెన్సిలు చెక్కుతాడు, చిన్న చెక్కముక్కను పిసరంత పలచన చేసి తలుపు చట్రం సందులో దోపుతాడు. ప్రతిసారీ కత్తి తీస్తాడు, కోస్తాడు, మళ్ళీ ఒరలో పెట్టేస్తాడు. అసలు కత్తి తీశాడన్న సంగతే మనకు పట్టదు.

ప్రకటనల్లో మాత్రం ఇవే కత్తులను అడవి, మంచు, సాహసం పక్కన పెట్టి చూపిస్తారు. నన్నడిగితే ఆ ఫొటోలు చూసి కొనకండి. ఇది పని కత్తి. చిన్నది, సాదాది, అలంకారం లేనిది. దీని గొప్పంతా వాదర దగ్గర ఉన్న వాలులో ఉంది. ఆ వాలును అర్థం చేసుకుంటే కోయడం, సాన పట్టడం రెండూ వచ్చేస్తాయి. అర్థం చేసుకోకపోతే ఎంత ఖరీదైన కత్తి కొన్నా నెలలో మొద్దు చేసి మూలన పడేస్తారు.

ముందు కత్తిని చూడటం నేర్చుకోండి

మన వంటింటి కత్తి వెన్ను నుంచి వాదర దాకా మెల్లగా సన్నబడుతూ వస్తుంది. చివర్లో ఇంకో చిన్న వాలు పెట్టి పదును తీస్తారు. స్కాండినేవియా కత్తి అలా ఉండదు. బ్లేడు సగం పైదాకా ఒకే మందంలో పలకలా ఉండి, అక్కడి నుంచి ఒక్కసారిగా రెండు పక్కలా వెడల్పాటి వాలు తీసుకుని నేరుగా వాదర దగ్గర కలుస్తుంది. రెండు వాలుల మధ్య కోణం సాధారణంగా 20 నుంచి 27 డిగ్రీల లోపు. వెలుతురులో పెట్టి చూస్తే ఆ వాలు ఒక పట్టీలాగా మెరుస్తుంది, వేలితో తడిమితే అది మొదలయ్యే గట్టు తెలుస్తుంది. ఆ వాలును చెక్క మీద ఆనించారంటే కత్తి తన కోణం తానే పట్టుకుంటుంది. సానరాయి మీదా అంతే.

వాలు రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి ఎడమచేతి వాటం వాళ్ళు వేరే కత్తి వెతుక్కోనక్కర్లేదు.

ఇక దేశానికో రకం. (ఫిన్లాండ్‌ను స్కాండినేవియాలో కలపకూడదని భూగోళం మాస్టార్లు అంటారు. కత్తుల విషయంలో మాత్రం అందరూ కలిపే మాట్లాడతారు.) స్వీడన్‌లో డాలర్నా ప్రాంతంలోని మోరా ఊరు కత్తులకు పేరు. అక్కడి ఓస్ట్‌నోర్‌లో ఎరిక్ ఫ్రాస్ట్ 1891లో పెట్టింది నిజానికి మంచు మీద కలప లాగే బండ్ల కర్మాగారం. అందులో పని కోసం చేసుకున్న కత్తులే చివరికి అసలు వ్యాపారమయ్యాయి. 1912లో మొదలైన పొరుగు కంపెనీతో అది 2005లో కలిసింది, ఇప్పుడు మనం చూసే మోరాక్నీవ్ అలా వచ్చింది. ఫిన్లాండ్ కత్తిని పుక్కో అంటారు. కౌహవాలో ఈసాక్కి యార్వెన్‌పా 1879 నుంచి, ఆర్కిటిక్ వలయం పక్కనే ఉన్న రోవనియెమిలో మార్తీనీ 1928 నుంచి ఇవి చేస్తున్నారు. నార్వేలో చెక్కుడు కత్తిని టోలెక్నీవ్ అంటారు. గైలో ఊరి బ్రుస్లెట్టో 1896 నాటిది, హోల్మెదాల్‌లోని హెల్లె 1932 నాటిది. ఇంకా పైన రెయిన్‌డీర్లను మేపే సామీ ప్రజల దగ్గర లెయుకు అనే పెద్ద కత్తి ఉంటుంది. కొమ్మలు కొట్టడానికి, ఎముకలు నరకడానికి గొడ్డలికి బదులు దాన్ని వాడతారు. మీ మొదటి కత్తిగా అది వద్దు.

ఏది కొనాలి

మొదటిసారి కొంటున్నారా? మోరా కంపెనీ వాళ్ళ కంపానియన్ గానీ బేసిక్ గానీ తీసుకోండి. బ్లేడు పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చాలు. స్టాక్‌హోమ్‌లోనో గోథెన్‌బర్గ్‌లోనో ఉద్యోగం చేస్తున్న వాళ్ళయితే బిల్టెమా, జూలా, క్లాస్ ఓల్సన్ లాంటి దుకాణాల్లో సుత్తులు, మేకుల పక్కనే ఈ తరహా కత్తులు వేలాడుతుంటాయి. ఎక్కడ పెట్టి అమ్ముతున్నారో చూస్తేనే ఇది ఏ జాతి వస్తువో తెలిసిపోతుంది. చౌక కదా అని చిన్నచూపు చూడకండి. సాన పట్టడం నేర్చుకునేటప్పుడు పాడవుతుందేమోనన్న టెన్షన్ లేకుండా రాయి మీద పెట్టగలిగే కత్తే మొదటి కత్తిగా ఉండాలి.

కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా అన్నది రెండో ప్రశ్న. చేపలు, పళ్ళు, వాన, సముద్రపు గాలి ఉన్నచోట స్టెయిన్‌లెస్ తీసుకోండి. ఇందులో స్వీడన్ వాళ్ళ 12సీ27 స్టీలు బాగా పేరున్నది. ఎక్కువగా చెక్క పని అయితే కార్బన్ స్టీలు హాయి. తేలిగ్గా సానపడుతుంది, వాదర సూదిలా వస్తుంది. కానీ తుడవడం మర్చిపోతే తెల్లారేసరికి తుప్పు. విశాఖపట్నం, కాకినాడ గాలికయితే నా ఓటు స్టెయిన్‌లెస్‌కే. చెక్క చెక్కడానికే ప్రత్యేకంగా చేసిన మోరా 106, 120 లాంటి కత్తుల్లో మధ్య పొర గట్టి కార్బన్ స్టీలు, రెండు పక్కలా మెత్తటి స్టీలు ఉంటుంది. అవి రెండో కత్తిగా కొనుక్కోండి.

పిడిని చేతిలో పట్టుకుని చూడకుండా కొనకండి. మంచి పిడి మధ్యలో కాస్త ఉబ్బి, చివర సన్నబడి, నున్నగా ఉంటుంది. వేళ్ళ కోసం గాడులు ఉండవు, ఉండకూడదు కూడా. ఒకే పనిలో కత్తిని నాలుగు రకాలుగా తిప్పి పట్టుకోవాలి, గాడులుంటే ఒక్క పట్టుకే కుదురుతుంది. సంప్రదాయ కత్తుల్లో బ్లేడు తోక సన్నటి కడ్డీలా పిడి లోపలికి వెళుతుంది, బయట ఇనుము కనపడదు. మైనస్ 20 డిగ్రీల చలిలో ఒట్టి చేత్తో ఇనుము పట్టుకోవాల్సి వస్తే ఎందుకలా చేశారో అర్థమవుతుంది. పిడికి ఎక్కువగా వాడేది బర్చ్ కర్ర. అందులోనూ మెలికల గీతలున్నది ఖరీదు. బర్చ్ బెరడు పొరలు పేర్చి బిగించిన పిడి తడిచేతిలో కూడా జారదు, చేపల పనికి దానికి మించింది లేదు.

పిడికీ బ్లేడుకీ మధ్య అడ్డం ఉండకపోవడం పాత కత్తుల పద్ధతి. అడ్డం ఉంటే పిడి మొదట్లోనే వేళ్ళు పెట్టి బలంగా కోయడం కుదరదు. అయితే పొడిచే పని చేస్తే చెయ్యి జారి వాదర మీదికి పోతుంది. కాబట్టి పొడవకండి. బేసిక్ 511 లాంటి వాటికి చిన్న అడ్డం ఉంటుంది, పిల్లలకు నేర్పేటప్పుడు అది మంచిదే.

ఎక్కడ తగిలించుకోవాలి

సంప్రదాయ తోలు ఒర లోతుగా ఉంటుంది. పిడి సగం దాకా లోపలికి దిగి, తోలు బిగువుకే నిలుస్తుంది. బొత్తాలూ పట్టీలూ అక్కర్లేదు. ఒర పైన తోలు ఉచ్చు ఉంటుంది, దాంతో బెల్టుకు వేలాడుతుంది. అలా ఊగేలా ఉండటంలోనే సుఖం ఉంది: మీరు కూర్చుంటే కత్తి పక్కకు తప్పుకుంటుంది, పొట్టలో గుచ్చుకోదు.

రోజూ వాడే చేతి వైపు, తుంటి ఎముకకు కొంచెం వెనగ్గా పెట్టుకోండి. సరిగ్గా నడుము వెనక, వెన్నుపూస మీద మాత్రం పెట్టుకోవద్దు. మంచు మీద వెల్లకిలా జారిపడితే కత్తి చేసే గాయం కన్నా ఒర చేసే గాయం పెద్దదవుతుంది. కొత్త ఒరను తలకిందులు చేసి గట్టిగా విదిలించి చూడండి. కత్తి జారితే ఆ ఒర పనికిరాదు.

తీసేటప్పుడు ఒక చిన్న పద్ధతి. నాలుగు వేళ్ళతో పిడిని పట్టుకుని, బొటనవేలిని ఒర అంచు మీద పెట్టి నొక్కండి. కత్తి ఒక అంగుళం వదులవుతుంది. అప్పుడు నేరుగా పైకి లాగండి. రెండో చేత్తో ఒరను పిడికిలి బిగించి పట్టుకుని లాగే అలవాటు చాలామందికి ఉంటుంది. వాదర ఎప్పుడో ఒకప్పుడు కుట్టు తెంచుకుని ఆ పిడికిట్లోకి వస్తుంది.

కూర్చోవడం, పట్టుకోవడం

కోసే ముందు చెయ్యి చాచి చుట్టూ ఒకసారి తిప్పండి. ఆ గిరిలోకి ఎవరూ రాకూడదు. కూర్చుని చెక్కేటప్పుడు మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, చెక్కను మోకాళ్ళకు అవతల పట్టుకోండి. రెండు తొడల మధ్య మాత్రం ఎప్పుడూ చెక్కవద్దు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంది, అక్కడ తెగితే సాయం వచ్చేదాకా సమయం ఉండదు.

మొదటి పట్టు అందరికీ తెలిసిందే: పిడికిట్లో పిడి, వాదర కిందికి, ఒంటికి దూరంగా తోయడం. చెక్క మీద వాలును పూర్తిగా ఆనించండి, కత్తి జారుతుంది గానీ తెగదు. వెన్నును ఒక వెంట్రుకవాసి లేపండి, తెగడం మొదలవుతుంది. ఇంకొంచెం లేపితే లోతుగా దిగుతుంది. ఈ తేడా చేతికి తెలిసేదాకా ఒక కొమ్మను ఊరికే చెక్కుతూ కూర్చోండి. కోసేటప్పుడు కత్తిని నేరుగా తోయకుండా పిడి దగ్గర మొదలుపెట్టి మొన వైపు జారిస్తూ కోస్తే సగం బలం చాలు.

రెండోది బొటనవేలి తోపు. సన్నటి పనికి ఇదే ప్రాణం. కుడిచేతి వాటం వాళ్ళయితే ఎడమచేత్తో చెక్కను పట్టుకోండి. ఆ ఎడమచేతి బొటనవేలినే కత్తి వెన్ను మీద పెట్టండి. ఇప్పుడు తోసేది ఆ వేలు. కుడిచెయ్యి మణికట్టు తిప్పి దారి చూపుతుందంతే. కత్తి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి కదలదు. కదలలేదు కూడా, ఎందుకంటే బొటనవేలు అంతకు మించి సాగదు. జారినా ఎక్కడికీ పోదు. కొత్తవాళ్ళు మొదటి పట్టుతోనే అన్నీ చేయబోయి వేళ్ళు కోసుకుంటారు. నిజానికి చెక్కడంలో ఎక్కువ భాగం ఈ రెండో పట్టుదే.

మూడోది ఛాతీ పట్టు, బలం కావలసిన చోట. వాదర ఒంటికి బయటి వైపు చూసేలా కత్తిని చేతిలో తిప్పి పట్టుకోండి. చెక్క ఒక చేత, కత్తి ఒక చేత, రెండు పిడికిళ్ళూ రొమ్ముకు ఆనించి, భుజాలు వెనక్కి విరుస్తూ రెండు చేతులనూ విడదీయండి. బలం చేతుల్లోంచి కాదు, వీపులోంచి వస్తుంది.

నాలుగోది మోకాలి పట్టు. కత్తి పట్టిన చేతిని మోకాలి బయటి వైపు ఆనించి బిగబట్టండి, కత్తి కదలకూడదు. చెక్కను వెనక్కి లాగండి. కత్తిపీట మీద కూర తరిగిన చేతులకు ఇది చెప్పక్కర్లేదు: వాదర నిలబడి ఉంటుంది, వస్తువే దాని దగ్గరికి వెళుతుంది. పొడుగు కర్ర మొన చెక్కాలన్నా, మంట అంటించడానికి కట్టె చివర సన్నటి పొరల కుచ్చు తీయాలన్నా ఇదే పట్టు వాడండి.

కత్తిని ఇంకొకరికి ఇవ్వాలంటే ఒరలో పెట్టి ఇవ్వండి. ఒర దగ్గర లేకపోతే కింద పెట్టండి, వాళ్ళు తీసుకుంటారు.

మొదటి పనిగా వెన్న కత్తి

స్వీడన్ బడుల్లో స్లాయిడ్ అనే చేతిపని తప్పనిసరి పాఠ్యాంశం. ఫిన్లాండ్‌లో ఊనో సిగ్నేయస్ చొరవతో 1866లో చేతిపని ప్రజా పాఠశాలల్లోకి వచ్చింది, స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ దగ్గరి నేస్‌లో ఓటో సాలమన్ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చాడు. ఆ తరగతుల్లో ఎందరో పిల్లలు చెక్కి ఇంటికి పట్టుకెళ్ళేది రొట్టెకు వెన్న రాసుకునే చెక్క కత్తే. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

నాలుగైదు సెంటీమీటర్ల మందం, ఒక జానెడు పొడవున్న పచ్చి బర్చ్ కొమ్మ తీసుకోండి. పచ్చిది మెత్తగా తెగుతుంది. అక్కడ బతికున్న చెట్టు కొమ్మ యజమాని అనుమతి లేకుండా విరవకూడదు, పార్కుల్లో కత్తిరించి పారేసినవి అడిగితే ఇస్తారు. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్ళకు కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి కర్ర దొరికితే చెయ్యి అలవాటు చేసుకోవడానికి అది మెత్తగా ఉంటుంది, గట్టి వస్తువు మాత్రం రాదు.

కొమ్మను నిలువునా రెండుగా చీల్చండి. మధ్యలో ఉండే గుజ్జు చారను తప్పనిసరిగా తీసేయాలి, అది ఉంటే ఆరేటప్పుడు పగులుతుంది. ఒక బద్దను మొదటి పట్టుతో, ఛాతీ పట్టుతో పలక చేయండి, వేలెడు మందం దాకా. దాని మీద పెన్సిలుతో ఆకారం గీయండి: ఒక వైపు పిడి, మధ్యలో సన్నటి మెడ, ఇంకో వైపు వెడల్పాటి నాలుక.

మెడ దగ్గరే కిటుకంతా ఉంది. అక్కడ ముందుగా అడ్డంగా ఒక గాటు పెట్టండి. తర్వాత పిడి వైపు నుంచి మెడలోకి దిగుతూ చెక్కండి, గాటు దగ్గర ఆగుతుంది. కర్రను తిప్పి నాలుక వైపు నుంచి మెడలోకి దిగండి. ఎప్పుడూ లావు నుంచి సన్నానికే రావాలి. సన్నం నుంచి లావుకు ఎక్కితే కత్తి నార కిందికి దూరి, మీరు అడగని ముక్కను చీల్చుకుపోతుంది. కత్తి గుచ్చుకుంటూ పోతోందనిపిస్తే బలం పెంచకండి, కర్రను తిప్పండి.

ఆకారం వచ్చాక చెక్కిన పొట్టుతో పాటు కాగితం సంచిలో పెట్టి, మూతి మడిచి వారం పది రోజులు వదిలేయండి. మెల్లగా ఆరితే పగలదు. ఆరాక కత్తికి మళ్ళీ పదును పెట్టి, బొటనవేలి తోపుతో ఉల్లిపొరలంత సన్నటి పొరలు తీస్తూ నునుపు చేయండి. గరుకు కాగితం అక్కర్లేదు. కత్తి వదిలిన చిన్న చిన్న పలకలు వెలుతురులో కనిపిస్తే అదే అందం. చివర్లో అవిసె నూనె పట్టించండి. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి, అది తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్ళలో తడిపి గానీ, బయట విప్పి ఆరేసి గానీ పారేయండి.

మంట కోసం

వానలో కూడా లోపల పొడిగా ఉండే పైన్ కట్టెను చీల్చి, లోపలి ముక్క తీసుకోండి. ఒక చివర నేలకు ఆనించి, వాలును కట్టె మీద ఆనించి పైనుంచి కిందికి పొడుగ్గా జారించండి. పొర విడిపోకుండా చివర్లో ఆపేయాలి. పొర మీద పొర, కొద్దిగా కోణం మారుస్తూ తీస్తూ పోతే చివర ఉంగరాల కుచ్చు తయారవుతుంది. పొరలు తెగిపోతున్నాయంటే తప్పు కట్టెది కాదు, పదునుది. నిప్పురవ్వలు రాల్చే ఫెర్రో కడ్డీని గీకాలంటే కత్తి వెన్ను వాడండి, వాదర కాదు. వెన్ను అంచు నిక్కచ్చిగా ఉంటేనే రవ్వలు రాలతాయి. మోరా గార్బెర్గ్‌కు అలా చెక్కిన వెన్ను ఉంటుంది, చౌక రకాలకు గుండ్రంగా ఉండొచ్చు.

కత్తి వెన్ను మీద దుంగతో కొట్టి కట్టెలు చీల్చడం కొందరికి సరదా. మణికట్టంత లావు, కణుపు లేని కట్టె అయితే సరే. అంతకు మించితే గొడ్డలి తీయండి. తోక సన్నగా ఉన్న కత్తి పిడి లోపలే విరుగుతుంది, బయటికి తెలియదు. డబ్బా మూతలు మొనతో పెకలించడం, కత్తిని స్క్రూడ్రైవర్‌గా వాడటం, చెట్టుకు గురిపెట్టి విసరడం లాంటివి చేసేవాళ్ళకు కత్తి అప్పివ్వకండి.

సాన పట్టడం

ఇక్కడ తొందరపడకండి. 1000 నంబరు నీళ్ళ సానరాయి ఒకటి, నునుపు కోసం 4000 గానీ 6000 గానీ ఒకటి, చెక్కకు అతికించిన తోలు పట్టీ ఒకటి ఉంటే జీవితకాలం గడిచిపోతుంది. రెండు చక్రాల మధ్య కత్తిని లాగే చిన్న పరికరాలు, కరెంటు సాన మిషన్లు ఈ కత్తి దగ్గరికి తేవద్దు. అవి తమ కోణాన్ని కత్తికి రుద్దుతాయి, వెడల్పాటి వాలు పాడైపోతుంది. మళ్ళీ తెచ్చుకోవాలంటే గంటలకొద్దీ రాయి మీద అరగదీయాలి.

రాయిని నీళ్ళలో నానబెట్టి, కదలకుండా తడిగుడ్డ మీద పెట్టండి. మార్కర్ పెన్నుతో వాలు మొత్తానికి రంగు పూయండి. కత్తిని రాయి మీద పెట్టి, వెన్నును కొంచెం పైకీ కిందికీ ఆడించండి. ఒకచోట వాలు మొత్తం రాయికి అతుక్కుని, కత్తి ఇక ఊగదు. ఆ కోణమే మీది. ఎడమచేతి రెండు వేళ్ళను వాలు మీద, వాదరకు దగ్గరగా ఆనించి, వాదర ముందుకు వెళ్ళేలా తోయండి. నాలుగైదు సార్లు తోసి ఎత్తి చూడండి. రంగు వాలంతా సమానంగా పోయిందా? అయితే సరిగ్గా పట్టారు. గట్టు దగ్గర మాత్రమే పోయిందంటే వెన్నును మరీ కిందికి నొక్కుతున్నారు. వాదర దగ్గర మాత్రమే పోయిందంటే వెన్ను లేపుతున్నారు. కొత్తవాళ్ళందరూ లేపుతారు, తొందరగా పదునొస్తుందని. వస్తుంది కూడా. కానీ ప్రతిసారీ అలా చేస్తే వాలు గుండ్రబడుతుంది, అప్పుడిక కత్తిని చెక్క మీద ఆనించినా నిలవదు.

మొన దగ్గర వాదర వంపు తిరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి పిడిని మెల్లగా పైకి లేపాలి, లేకపోతే మొనకు రాయి తగలదు.

ఒక వైపు రుద్దుతూ ఉంటే అవతలి వైపు వాదర మీద సన్నటి గరుకు పోగు లేస్తుంది. బొటనవేలిని వెన్ను నుంచి వాదర వైపు అడ్డంగా జార్చి చూడండి (వాదర వెంబడి ఎప్పుడూ కాదు), గోటికి తట్టుకుంటుంది. పిడి నుంచి మొన దాకా ఆ గరుకు ఏకధాటిగా రావాలి. మధ్యలో తెగితే అక్కడ ఇంకా పదును రాలేదన్నమాట. వచ్చాక రెండో వైపు మొదలుపెట్టండి. తర్వాత నునుపు రాయి మీద రెండు వైపులా, ఒత్తిడి తగ్గిస్తూ చేయండి. చివర తోలు మీద మాత్రం కత్తిని వెనక్కే లాగాలి, వెన్ను ముందు, వాదర వెనక. ముందుకు తోస్తే తోలే తెగుతుంది. వైపుకు పది సార్లు లాగితే ఆ పోగు రాలిపోతుంది.

దినపత్రిక కాగితాన్ని గాల్లో పట్టుకుని కోస్తే చప్పుడు లేకుండా తెగాలి. చిరుగుతోందంటే తోలు మీదికి మళ్ళీ వెళ్ళండి. ఎండుకట్టె కణుపుల్లో పని చేసి వాదరకు చిన్న చిన్న పళ్ళు పడుతుంటే, అన్నీ అయ్యాక వెన్నును పిసరంత లేపి నునుపు రాయి మీద వైపుకు రెండు మూడు సార్లు అతి తేలిగ్గా జార్చండి. కంటికి కనపడని ఆ చిన్న వాలు వాదరకు బలమిస్తుంది. చెక్కుడు పనికి అది వద్దు, కట్టెల పనికి కావాలి. రోజూ వాడేవాళ్ళు రాయి దాకా పోకుండా సాయంత్రం తోలు మీద నాలుగు సార్లు లాగి పెట్టేస్తే చాలు.

రాయి మధ్యలో గుంట పడితే వాలు కూడా వంగుతుంది. గరుకు కాగితాన్ని గాజు పలక మీద పరిచి, రాయిని దాని మీద రుద్ది చదును చేస్తుండండి.

తుప్పు, నూనె, ఒర

కార్బన్ స్టీలు కత్తితో పుల్లమామిడి గానీ ఉల్లిపాయ గానీ కోస్తే బ్లేడు నీలంగా, బూడిదగా మారుతుంది. కంగారుపడి తోమకండి. ఆ పొర తుప్పును కొంతవరకు ఆపుతుంది. ఎర్రటి తుప్పు వస్తేనే నూనెలో ముంచిన సన్నటి ఇనుప పీచుతో తీయాలి. పని అయ్యాక తుడిచి, ఆరబెట్టి, నూనె రాయండి. తినే వస్తువులు కోయని కత్తికి కుట్టుమిషన్ నూనె బాగుంటుంది. వంటకూ వాడేదయితే కూరలు తరిగే చెక్కపలకలకు రాసే మినరల్ ఆయిల్ వాడండి. కొబ్బరినూనె కూడా పనికొస్తుంది, కానీ ఆ దేశాల చలికి సీసాలో గడ్డకట్టి ఉంటుంది.

నెలల తరబడి వాడని కత్తిని తోలు ఒరలో ఉంచవద్దు. తోలులోని తేమ, తోలు తయారీలో వాడిన రసాయనాలు కలిసి కార్బన్ స్టీలును తినేస్తాయి. కాగితంలో చుట్టి విడిగా పెట్టండి. డిష్‌వాషర్‌లో వేయడం గురించి ఒక్క మాటే: వేయకండి. చెక్క పిడి పగులుతుంది.

వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, గుండె కన్నా పైకి ఎత్తి పట్టుకోండి. రక్తం ఆగకపోతే ఐరోపాలోనూ, ఇండియాలోనూ 112కే ఫోన్ చేయాలి.

పోలీసులు అడిగితే

వడ్రంగి ప్యాంటుకు వేలాడుతోంది కదా అని మీరు శుక్రవారం రాత్రి అదే కత్తితో రెస్టారెంటుకు వెళ్ళకూడదు. స్వీడన్‌లో 1988 నాటి చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో, బడుల దగ్గర, వీధిలో ఉన్న వాహనంలో కూడా కత్తి ఉంచుకోవడం నిషిద్ధం, పని లాంటి సరైన కారణం ఉంటే తప్ప. ఫిన్లాండ్‌లో 2003 నాటి చట్టం, నార్వేలో శిక్షాస్మృతి దాదాపు ఇదే చెబుతాయి. చేపలు పట్టడానికి వెళుతున్నారు, పనికి వెళుతున్నారు అంటే ఇబ్బంది లేదు. పని అయ్యాక బెల్టు నుంచి తీసి బ్యాగు అడుగున పెట్టుకోండి. కారులో మర్చిపోయి తిరగడమే కొత్తవాళ్ళను ఇరికిస్తుంది.

ఇండియాలో ఆయుధ నిబంధనల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కన్నా పొడవు గానీ, 2 అంగుళాల కన్నా వెడల్పు గానీ ఉంటే లైసెన్సు గొడవ వస్తుంది. ఇంటి, వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఉంది. 10 సెంటీమీటర్ల కత్తి ఆ లెక్కలోకి రాదు. అయినా నడుముకు వేలాడదీసుకుని బజారులో తిరిగితే ఎవరో ఒకరు ఆపి అడుగుతారు. పొలంలో, వర్క్‌షాపులో, ఇంట్లో వాడుకోండి.

విమానంలో క్యాబిన్ బ్యాగులో పెట్టారంటే సెక్యూరిటీ దగ్గరే వదులుకోవాలి. చెక్-ఇన్ సూట్‌కేసులో, ఒరలో పెట్టి, పిడితో పాటు టేపు చుట్టి, బట్టల మధ్యలో సర్దండి. బ్యాగు విప్పి తనిఖీ చేసేవాళ్ళ చెయ్యి తెగకూడదు కదా.